తొమ్మిదో నెలలో బిడ్డ తల కిందికి ఉందా? ఎలా తెలుసుకోవాలి, ఏం చేయాలి?

తొమ్మిదో నెల పడగానే ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ అడిగే మాట, "బిడ్డ తిరిగిందా?" జవాబు మీ ఫైల్లోనే, స్కానింగ్ రిపోర్టులో ఉంటుంది. కానీ చాలామందికి దాన్ని ఎవరూ చదివి చెప్పరు, అడగాలని వాళ్లకూ తోచదు. 36 వారాలకు అడిగి తెలుసుకుంటే డాక్టర్‌తో మాట్లాడుకోవడానికి రెండు మూడు దారులుంటాయి. నొప్పులు మొదలయ్యాక బయటపడితే మాత్రం చాలాసార్లు మిగిలేది ఆపరేషనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. అందులో అవసరమైనవీ ఉన్నాయి, కాదనను. అయినా ఇంత సిజేరియన్ జరిగే చోట ముందుగా అడిగి తెలుసుకోవడం తల్లికే మంచిది.

1. వారాల లెక్క సరిచూసుకోండి

మనం నెలల్లో చెప్పుకుంటాం, డాక్టర్లు వారాల్లో లెక్కపెడతారు. చివరిసారి నెలసరి వచ్చిన తేదీ, మొదటి మూడు నెలల్లో తీసిన స్కాన్, ఈ రెండూ చూసి ఇప్పుడు ఎన్నో వారమో ఏఎన్‌ఎంను గానీ డాక్టర్‌ను గానీ అడిగి కార్డు మీద రాయించుకోండి. 28 వారాలప్పుడు నలుగురైదుగురిలో ఒకరికి బిడ్డ తల పైకే ఉంటుంది. దానికి టెన్షన్ పడక్కర్లేదు, చాలామంది బిడ్డలు వాళ్లంతట వాళ్లే తిరుగుతారు. నెలలు నిండేసరికి అలా మిగిలేది నూటికి ముగ్గురో నలుగురో.

2. రిపోర్టులో మూడు మాటలు వెతకండి

'సెఫాలిక్' అని ఉంటే తల కిందికి ఉన్నట్టు. 'బ్రీచ్' అంటే పిర్రలు గానీ కాళ్లు గానీ కిందికి ఉన్నట్టు, మన పెద్దవాళ్లు ఎదురుకాళ్లు అనేది దీన్నే. 'ట్రాన్స్‌వర్స్' అంటే అడ్డంగా ఉన్నట్టు. పక్కనే మాయ ఎక్కడుందో కూడా రాస్తారు. మాయ గర్భసంచి ముందు గోడకు ఉంటే తన్నులు మెత్తగా, తక్కువగా తెలుస్తాయి. అలాంటప్పుడు చేత్తో పోల్చుకోవడం కష్టం.

3. మీ చేత్తో గమనించండి

ఖాళీ కడుపుతో కాకుండా, ఏదైనా తిన్నాక ఎడమ పక్కకు వాలి పడుకుని చేతులు పొట్ట మీద ఆనించండి. నొక్కొద్దు. డొక్కల కింద గట్టిగా, గుండ్రంగా తగిలి, కాస్త కదిపితే అది ఒక్కటే అటూ ఇటూ ఆడినట్టుంటే తల పైన ఉండొచ్చు. పిర్రలైతే మెత్తగా ఉంటాయి, కదిపితే ఒళ్లంతా కదిలినట్టు ఉంటుంది. బలమైన తన్నులు డొక్కల దగ్గర తగిలి, వెక్కిళ్లు కింద పొత్తికడుపులో టకటకమని తెలిస్తే తల కిందికి ఉందనుకోవచ్చు. తన్నులన్నీ మూత్రసంచి మీదే పడుతుంటే ఒకసారి చూపించుకోండి. చెకప్‌లో నర్సు గుండె చప్పుడు వినేటప్పుడు కూడా గమనించండి. తల కిందికి ఉన్న బిడ్డ చప్పుడు మామూలుగా బొడ్డుకు కింద వినిపిస్తుంది, బ్రీచ్‌లో బొడ్డు దగ్గరో కాస్త పైనో వినిపిస్తుంది.

ఇవన్నీ అంచనాలే. అనుభవమున్న డాక్టర్లు కూడా చేత్తో చూసి పొరబడతారు, ఖాయం చేసేది స్కాన్. ఒక్క విషయం మాత్రం అంచనాకు వదలొద్దు. బిడ్డ కదలికలు రోజూ ఉండే తీరు కన్నా తగ్గితే, ఏ వారమైనా, ఏ వేళైనా, తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి.

4. కూర్చునే, పడుకునే తీరు మార్చుకోండి

సిరిసిల్ల, జగిత్యాల, నిజామాబాద్ వైపు ఎంతోమంది ఒళ్లో చాట పెట్టుకుని గంటల తరబడి ముందుకు వంగి బీడీలు చుడతారు. నడుము పట్టేస్తుంది, పొట్ట నొక్కుకుపోతుంది. పొగాకు ముట్టుకోవడం, ఆ దుమ్ము పీల్చడం బిడ్డకు కూడా మంచిది కాదు కాబట్టి వీలైతే ఆ నెలల్లో ఆ పని మానేయాలి. ఏ పనైనా సరే, మోకాళ్ల కన్నా తుంటి కాస్త పైకుండేలా దిండు మీదో ఎత్తైన పీట మీదో కూర్చోండి, అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. రోజూ కాసేపు చేతులు, మోకాళ్ల మీద ఆని పొట్టను వదులుగా వేలాడనిస్తే నడుముకు హాయిగా ఉంటుంది.

దీనితో బిడ్డ తిరుగుతుందా? నిజం చెప్పాలి: చివరి వారాల్లో ఇలా చేసినవాళ్లకు, చేయనివాళ్లకు కాన్పు సమయంలో బిడ్డ ఉన్న తీరులో తేడా రాలేదని పరిశోధనల్లో తేలింది. బ్రీచ్ బిడ్డను ఆసనాలతో తిప్పొచ్చనడానికీ గట్టి ఆధారం లేదు. చేస్తే నష్టం లేదు, ఒళ్లు తేలికపడుతుంది. బిడ్డ తిరగకపోతే మాత్రం "సరిగ్గా కూర్చోలేదు, పని చేయలేదు" అని ఆ తల్లిని అనకండి. గర్భసంచి ఆకారం, మాయ ఉన్న చోటు, ఉమ్మనీరు ఎక్కువ తక్కువలు, ఇవేవీ ఆమె చేతిలో లేవు.

పడుకునేటప్పుడు మాత్రం 28 వారాల నుంచి పక్కకు తిరిగే నిద్రపోండి. ఎడమైనా కుడైనా సరే. మధ్యలో మెలకువొచ్చి వెల్లకిలా ఉన్నారని చూస్తే భయపడకుండా మళ్లీ పక్కకు తిరగండి.

5. కడుపు రుద్దించి తిప్పించుకోవద్దు

నూనె రాసి, నొక్కి బిడ్డను తిప్పుతామనేవాళ్లు ఇప్పటికీ ఊళ్లలో ఉన్నారు. అత్తమ్మ ప్రేమతోనే పిలిపించినా ఒప్పుకోవద్దు. మాయ గర్భసంచి నుంచి విడిపోవచ్చు, రక్తస్రావం కావచ్చు. ఆ క్షణంలో ఆ ఇంట్లో బిడ్డ గుండె చప్పుడు చూసే మిషన్ గానీ, ఆపరేషన్ థియేటర్ గానీ ఉండవు. ఆమెకు ఎదురు చెప్పలేకపోతే, "డాక్టరమ్మ వద్దన్నది అత్తమ్మా" అనండి, పని జరుగుతుంది.

6. 36 వారాలకు బ్రీచ్ అని తేలితే ఈ మాట అడగండి

"మేడం, బయటి నుంచి బిడ్డను తిప్పే ప్రయత్నం నాకు చేయొచ్చా?" దీన్ని డాక్టర్లు ఈసీవీ అంటారు. తొలి కాన్పైతే 36 వారాల నుంచి, అంతకుముందు కన్నవాళ్లకు 37 నుంచి చేస్తారు. ముందు స్కాన్ చేసి, బిడ్డ గుండె చప్పుడు రికార్డు చేసి, గర్భసంచి వదులయ్యేందుకు ఇంజెక్షన్ ఇస్తారు. తర్వాత డాక్టర్ పొట్ట మీద చేతులు పెట్టి బిడ్డను మెల్లగా పల్టీ కొట్టిస్తారు. కొన్ని నిమిషాల పని. నొప్పి భరించలేకపోతే చెప్పండి, ఆపేస్తారు. ఇద్దరిలో ఒకరికి ఫలిస్తుంది, రెండో కాన్పువాళ్లకు ఇంకాస్త ఎక్కువ. వెంటనే సిజేరియన్ చేయాల్సి వచ్చేది దాదాపు 200 మందిలో ఒకరికి, అందుకే థియేటర్ ఉన్న ఆస్పత్రిలోనే చేయాలి. మాయ కిందికి ఉన్నా, ఈమధ్య రక్తం కనిపించినా, కవలలున్నా, ఉమ్మనీరు పోయినా చేయరు. మీ రక్తం నెగెటివ్ గ్రూపైతే యాంటీ-డి ఇంజెక్షన్ (బిడ్డ రక్తం మీ రక్తంలో కలిసినా మీ ఒళ్లు దానికి ఎదురుతిరగకుండా ఆపేది) గురించి తప్పక అడగండి.

అన్ని చోట్లా ఇది చేయరు. మీ దగ్గర లేదంటే హన్మకొండ ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రి, వరంగల్ సీకేఎం లాంటి పెద్ద ఆస్పత్రుల్లో అడిగి చూడండి.

బిడ్డ తిరగలేదు, సిజేరియన్ ఖాయమైంది అనుకుందాం. ముహూర్తం కోసం 37వ వారానికో 38కో జరపమని డాక్టర్‌ను ఒత్తిడి చేయొద్దు. ఇతర ఇబ్బందేమీ లేకపోతే 39 వారాలు నిండనివ్వాలి. తొందరపడి తీసిన బిడ్డకు ఊపిరి ఇబ్బందులు ఎక్కువ.

7. అడ్డంగా ఉంటే దూరంలో ఉండొద్దు

37 వారాలు దాటినా బిడ్డ అడ్డంగానే ఉంటే ఏటూరునాగారం లాంటి దూరపు ఊళ్లో నొప్పుల కోసం ఎదురుచూడకూడదు. డాక్టర్ చేరమంటే చేరండి, లేదంటే ఆస్పత్రికి దగ్గర్లో చుట్టాలింట్లో ఉండండి. ఉమ్మనీరు పోగానే బొడ్డుతాడు ముందుగా జారే ప్రమాదం ఉంది. అలా తాడు తగిలితే దాన్ని లోపలికి నెట్టొద్దు, లాగొద్దు. మోకాళ్ల మీద వంగి, తల కిందికి, పిర్రలు పైకి ఉండేలా పడుకుని 108కి ఫోన్ చేయించండి.

8. తల కిందికున్నా నడుం నొప్పే ఎక్కువగా ఉంటే

బిడ్డ వీపు మీ వెన్నువైపు ఉండొచ్చు. అప్పుడు పొట్ట బొడ్డు దగ్గర కాస్త పల్లంగా కనిపిస్తుంది. దీనికి ముందే భయపడాల్సిన పనిలేదు, వీళ్లలో ఎక్కువమంది నొప్పుల్లోనే సరిగ్గా తిరుగుతారు. మొదటి దశలో మంచానికే అంటుకోకుండా నడవడం, గోడకో మనిషికో ఆనుకుని నిలబడటం నొప్పుల సమయాన్ని గంటకు పైగా తగ్గిస్తుంది. తోడుగా అమ్మనో అక్కనో ఉండనివ్వమని అడగండి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో తోడు ఉండొచ్చని కేంద్రం 2016లోనే చెప్పింది.

బ్రీచ్‌గా ఉండి పుట్టిన బిడ్డైతే ఇంకో పని మిగులుతుంది. తుంటి కీలు సరిగ్గా కుదురుకోని సమస్య వీళ్లలో ఎక్కువ, సిజేరియన్ అయినా సరే. డిశ్చార్జి రోజు పిల్లల డాక్టర్‌తో తుంటి చూపించి, ఆరో వారంలో అక్కడ అల్ట్రాసౌండ్ చేయాలా అని అడిగి రాయించుకోండి. అప్పటిదాకా బిడ్డ కాళ్లు చాపి బిగించి గుడ్డ చుట్టకుండా, మోకాళ్లు విడిగా మడిచి ఆడించుకునేంత వదులుగా చుట్టండి.