నియోజకవర్గాల హద్దులు పార్టీ లాభం కోసం మారుతుంటే అభ్యంతరం చెప్పడం ఎలా: అమెరికాలోని తెలుగువారికి ఒక మార్గదర్శిని

నార్త్ కరోలైనా నుంచి అమెరికా ప్రతినిధుల సభకు 14 మంది వెళతారు. 2022లో కోర్టు ఆధ్వర్యంలో గీసిన హద్దులతో ఎన్నికలు జరిగినప్పుడు డెమొక్రాట్లకు ఏడు, రిపబ్లికన్లకు ఏడు స్థానాలు దక్కాయి. 2024లో, రాష్ట్ర శాసనసభ తిరగగీసిన హద్దులతో, రిపబ్లికన్లకు పది, డెమొక్రాట్లకు నాలుగు వచ్చాయి. ఓటర్ల మొగ్గు కొంత మారి ఉండవచ్చు గాని, ఈ తేడాలో అధికభాగం గీతలదే. ఇది ఒక్క పార్టీకి చెందిన విద్య అనుకోవలసిన పని లేదు. ఇల్లినాయ్‌లో డెమొక్రాట్లు గీసుకున్న మ్యాపులో 17 స్థానాలకు 14 వారికే దక్కుతున్నాయి. 1812లో మసాచుసెట్స్ గవర్నరు ఎల్బ్రిడ్జ్ జెర్రీ ఆమోదించిన ఒక వంకరటింకర నియోజకవర్గాన్ని చూసి, అది సాలమాండర్ అనే బల్లివంటి జంతువులా ఉందని పత్రికలు వెక్కిరించిన నాటినుంచి దీనిని జెర్రీమాండరింగ్ అంటున్నారు.

భారతదేశంలో హద్దులు గీసే డీలిమిటేషన్ కమిషన్‌కు సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఉన్నవారో, పూర్వం ఆ పదవి చేసినవారో అధ్యక్షత వహిస్తారు. కమిషన్ ఉత్తర్వు వెలువడ్డాక కోర్టులో సవాలు చేయడం దాదాపు అసాధ్యం. ఆ అలవాటుతో ఇక్కడికి వచ్చినవారికి, అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఎన్నికల్లో పోటీ చేసే శాసనసభ్యులే హద్దులు కూడా గీస్తారన్న సంగతి మొదట నమ్మశక్యంగా ఉండదు. అందుకే ముందుగా తెలుసుకోవలసింది, మీ రాష్ట్రంలో ఈ పెన్సిలు ఎవరి చేతిలో ఉందన్నది. టెక్సస్‌లో శాసనసభ చేతిలో ఉంది. కాలిఫోర్నియాలో, మిషిగన్‌లో పౌరుల కమిషన్లు ఉన్నాయి. న్యూజెర్సీలో ప్రతినిధుల సభ స్థానాల హద్దులకు రెండు పార్టీలు చెరి ఆరుగురిని నియమించగా, పదమూడో సభ్యుడు తగవు తీరుస్తాడు. కమిషన్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండటానికి కూడా లేదు. 2025 ఆగస్టులో టెక్సస్ శాసనసభ, పదేళ్లకొకసారి వచ్చే జనగణన కోసం ఆగకుండా, రిపబ్లికన్లకు అదనంగా ఐదు స్థానాలు రావాలన్న లెక్కతో కొత్త మ్యాపును ఆమోదించింది. దానికి బదులుగా కాలిఫోర్నియా ఓటర్లు నవంబరులో ప్రాపొజిషన్ 50 అనే ప్రతిపాదనను ఆమోదించి, తమ కమిషన్ గీసిన కాంగ్రెస్ (అమెరికా చట్టసభ) మ్యాపును తామే తాత్కాలికంగా పక్కన పెట్టారు.

మ్యాపును చదవడం నేర్చుకోనిదే అభ్యంతరం చెప్పలేము. పదిహేను మంది ఓటర్లు ఉన్న ఒక వీధిని ఊహించుకోండి. తొమ్మిది మంది సూర్యుడి గుర్తుకు, ఆరుగురు చంద్రుడి గుర్తుకు ఓటు వేస్తారు. ఐదుగురికి ఒకటి చొప్పున మూడు నియోజకవర్గాలు గీయాలి. సూర్యుడి పక్షం గీస్తే, ప్రతి దానిలోనూ ముగ్గురు తనవారు, ఇద్దరు అవతలివారు ఉండేటట్లు పంచి మూడూ గెలుచుకుంటుంది; ఎదుటివారిని చీల్చి పలచన చేయడం ఇది. చంద్రుడి పక్షం గీస్తే, సూర్యుడి ఓటర్లలో ఐదుగురిని ఒకే దానిలో కుక్కి, మిగిలిన నలుగురిని రెండింటికీ ఇద్దరిద్దరుగా పంచి, ఆరు ఓట్లతోనే రెండు స్థానాలు పట్టుకుపోతుంది. మనుషులు అవే, ఓట్లు అవే. మీ రాష్ట్రపు మ్యాపు ముందు కూర్చున్నప్పుడు వెతకవలసినవి ఈ చీల్చడం, కుక్కడం అనే రెండు పనులనే. ఆకారం వికారంగా ఉన్నంతమాత్రాన నేరం కాదు. నది, కొండ, కౌంటీ సరిహద్దు వల్ల కూడా గీత వంకర తిరుగుతుంది. అలాగే, చూడటానికి ముచ్చటైన చతురస్రాల వెనక గట్టి మోసం దాగి ఉండవచ్చు. డేవ్స్ రీడిస్ట్రిక్టింగ్ అనే ఉచిత సాధనంలో మీ రాష్ట్రాన్ని తెరిచి మీరే హద్దులు గీసి చూడవచ్చు. ఒక మ్యాపు ఏ పార్టీ వైపు ఎంత ఒరుగుతోందో ప్లాన్‌స్కోర్ అనే సైటు లెక్కగట్టి చూపిస్తుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం పిల్లలతో కూర్చుని గీసి చూడండి. అందరికీ నచ్చే మ్యాపు గీయడం ఎంత కష్టమో కూడా అప్పుడే తెలుస్తుంది.

ఇక మన ఇళ్లకు ప్రత్యేకమైన ఒక జాగ్రత్త. ఒకే కప్పు కింద పౌరసత్వం వచ్చిన భర్త, గ్రీన్‌కార్డు ఉన్న భార్య, హెచ్-1బీ మీద ఉన్న తమ్ముడు, ఎఫ్-1 మీద చదువుతున్న మరదలు ఉండటం మనలో మామూలే. వీరందరూ జనగణనలో లెక్కకు వస్తారు, అందరి కోసమూ హద్దులు గీస్తారు గనుక, మ్యాపు గీసేవారు ప్రజల మాట వినడానికి జరిపే బహిరంగ విచారణలో తమ ఊరి గురించి మాట్లాడటానికి, లేఖ రాయడానికి పౌరసత్వం సాధారణంగా అడ్డు కాదు. కాని ఒక ప్రతిపాదనను బ్యాలెట్‌కు ఎక్కించడానికి తిప్పే పిటిషన్ మీద సంతకం పెట్టవలసింది నమోదైన ఓటరు మాత్రమే. దుకాణం ముందు ఎవరో అట్ట ముందుకు చాచి నవ్వుతూ అడిగారని మొహమాటానికి సంతకం పెట్టిన వీసాదారుకు ఆ సంతకం రేపు పౌరసత్వ దరఖాస్తు దగ్గర ఎదురుకావచ్చు. పౌరసత్వమూ గ్రీన్‌కార్డూ రెండూ లేనివారు అభ్యర్థులకు, పార్టీలకు చందా ఇవ్వడం ఫెడరల్ చట్టం నిషేధించిన పని. ఈ విషయంలో స్నేహితుల మాట మీద ఆధారపడవద్దు.

అన్నిటికంటె ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది విచారణలో చెప్పే సాక్ష్యం మీద. మనవాళ్లు ఇక్కడే తప్పటడుగు వేస్తారు. వాట్సాప్ గుంపులో వచ్చిన ఆవేశాన్ని అట్లాగే మైకు ముందు పెడితే, ఫలానా పార్టీ కుట్ర, ప్రజాస్వామ్యం ఖూనీ అన్న మాటల్లోనే ఇచ్చిన ఒకటి రెండు నిమిషాలు అయిపోతాయి. వినేవారి కాగితం మీద ఒక్క అక్షరం కూడా పడదు. మిషిగన్ రాజ్యాంగంలోని వరుస చూడండి. జనాభా సమానంగా ఉండటం, ఓటుహక్కు చట్టాన్ని పాటించడం మొదటివి. భూభాగం తెగకుండా ఉండటం తరువాతిది. దాని వెంటనే ఉమ్మడి ప్రయోజనాలు గల సముదాయాలను గౌరవించాలన్న నిబంధన వస్తుంది. ఏ పార్టీకీ అనుచిత లాభం కలగరాదన్నది ఆ తరువాతిది. నగరాలు, కౌంటీల సరిహద్దులు ఇంకా కింద ఉంటాయి. ఉమ్మడి సంస్కృతి, చరిత్ర, ఆర్థిక ప్రయోజనాలు ఉన్నవారిని సముదాయంగా పరిగణించవచ్చునని, పార్టీలతోను అభ్యర్థులతోను ఉన్న సంబంధాన్ని మాత్రం పరిగణించరాదని అక్కడే రాసి ఉంది. అంటే, మీ సాక్ష్యంలో పార్టీ పేరు వచ్చిన క్షణంలో, మీరు నిలబడిన నేల మీ కాళ్ల కింద నుంచి జారిపోయినట్లే.

కాబట్టి ఇంటి చిరునామా నుంచి మొదలుపెట్టండి. మిషిగన్‌లోని నోవై నగరంలో ఉండేవారు చెప్పదగిన సాక్ష్యం నమూనా ఇది: “మేము నోవైలో ఎయిట్ మైల్ రోడ్డుకు దగ్గరలో ఉంటాము. ఆ రోడ్డు ఓక్లండ్, వేన్ కౌంటీల సరిహద్దు. నోవైలో మావైపు పిల్లలు కొందరు నార్త్‌విల్ బడులకు వెళతారు. పండగకు, పెళ్లికి మేమంతా కలిసేది టాఫ్ట్ రోడ్డులోని వేంకటేశ్వర ఆలయంలో. అక్కడికి వచ్చేవారు రోడ్డుకు రెండు వైపులా ఉన్నారు. మాలో చాలామందివి ఉద్యోగ వీసాలతో ముడిపడిన సమస్యలు; ఒక ప్రతినిధి కార్యాలయానికి వెళ్లి చెప్పుకోవలసినవి. కౌంటీ గీత వెంబడి మమ్మల్ని విడదీస్తే ఇద్దరు ప్రతినిధులకూ మేము చిన్న గుంపుగా మిగిలిపోతాము. ఎయిట్ మైల్‌కు రెండు వైపులా ఉన్న ఈ ప్రాంతాన్ని ఒకే నియోజకవర్గంలో ఉంచవలసిందిగా కోరుతున్నాను.” ఇందులో కోపం లేదు. రోడ్డు పేరుంది, బడి ఉంది, గుడి ఉంది, చివర ఒక స్పష్టమైన కోరిక ఉంది. మ్యాపు గీసే మనిషి మౌసు పట్టుకుని అక్కడికక్కడే ఆ రోడ్డు వెతుక్కోగలడు. పది మంది కలిసి వెళితే పదిమందీ ఒకే కాగితం చదవకండి. ఒకరు బడి గురించి, ఒకరు చిన్న వ్యాపారం గురించి, ఒకరు తల్లిదండ్రుల ఆసుపత్రి గురించి చెప్పండి. మాట్లాడినదాన్ని రాతపూర్వకంగా కూడా దాఖలు చేయండి. రేపు వ్యవహారం కోర్టుకు వెళితే రికార్డులో ఉన్నదే లెక్క. ముసాయిదా రాకముందే వెళ్లడం మంచిది. మిషిగన్‌లో ముసాయిదాకు ముందు కనీసం పది, తరువాత కనీసం ఐదు విచారణలు జరపాలి. మనం మేల్కొనేది ఎక్కువసార్లు ఆ ఐదింటిలో చివరి దానికి.

పెన్సిలు శాసనసభ చేతిలో ఉన్న చోట విచారణలు చాలాసార్లు తంతుగానే సాగుతాయి. అప్పుడు ఫోను తీయవలసిందే, అదీ మీ నియోజకవర్గపు సభ్యుడికే. మ్యాపు తెచ్చిన పార్టీకి చెందినవాడు గదా, చెప్పి ఏం లాభం అనుకోకండి. 2025 డిసెంబరు 11న ఇండియానా సెనేట్‌లో, అధ్యక్షుడు ట్రంప్ బాహాటంగా ఒత్తిడి తెచ్చిన కొత్త మ్యాపు 31–19 ఓట్లతో ఓడిపోయింది. వ్యతిరేకంగా ఓటు వేసినవారిలో 21 మంది ఆయన పార్టీవారే. ఫోనులో పేరు, చిరునామా, బిల్లు సంఖ్య, ఒక వాక్యంలో మీ కోరిక చెబితే చాలు. ఎత్తినది ఇరవై ఏళ్ల సహాయకుడే కావచ్చు. అతనితో వాదించవద్దు, అతను రాసుకునేటట్లు చెప్పండి.

దాదాపు సగం రాష్ట్రాల్లో ప్రజలే సంతకాలు సేకరించి ప్రతిపాదనను బ్యాలెట్‌కు ఎక్కించవచ్చు. టెక్సస్‌లో రాష్ట్రస్థాయిలో ఆ వీలు లేదు. మిషిగన్‌లో 2016 ఎన్నికలైన రెండు రోజులకు కేటీ ఫాహీ అనే యువతి, జెర్రీమాండరింగ్ మీద పనిచేయాలనుంది, ఎవరైనా వస్తారా అని ఫేస్‌బుక్‌లో అడిగింది. దానిలోంచి పుట్టిన ఓటర్స్ నాట్ పొలిటీషియన్స్ సంస్థ, డబ్బిచ్చి మనుషులను పెట్టుకోకుండా స్వచ్ఛంద కార్యకర్తలతోనే, 3,15,654 సంతకాలు కావలసిన చోట 4,25,000కు పైగా సమర్పించింది. 2018 నవంబరులో 61 శాతం ఓట్లతో, పౌరుల కమిషన్‌ను ఏర్పరచే ఆ ప్రతిపాదన నెగ్గింది. కావలసినదాని కంటే లక్షకు పైగా ఎక్కువ ఎందుకు తెచ్చారో గమనించండి: సంతకాలలో కొన్ని చెల్లకుండా పోవడం ఖాయం. మన సంతకాలకైతే ఆ ప్రమాదం మరీ ఎక్కువ. ఓటరు జాబితాలో ఇంటిపేరు చివర ఉంటుంది, మనం అలవాటుగా ముందు రాస్తాము. లైసెన్సులో వెంకట సత్యనారాయణ పూర్తిగా ఉంటే పిటిషన్ మీద సత్య అని గీకుతాము. తేదీలో రోజు ముందు వేస్తాము. ఇక్కడ నెల ముందు వేయాలి. సెప్టెంబరు ఐదున 5/9 అని వేస్తే అది మే తొమ్మిది అయి కూర్చుంటుంది. సంతకం చేయించే ముందు ఆ గడి మీద వేలు పెట్టి, నెల ముందండీ అని చెప్పడం సేకరించేవారి పని.

బ్యాలెట్‌కు ఎక్కించాక మరొక గండం ఉంది: బ్యాలెట్ మీద అచ్చయ్యే భాష. 2024లో ఒహాయోలో జెర్రీమాండరింగ్‌ను ఆపడానికి పౌరులు తెచ్చిన ఇష్యూ 1 గురించి, కొత్త కమిషన్ జెర్రీమాండర్ చేయవలసి ఉంటుందన్న అర్థం వచ్చే వర్ణనను రాష్ట్ర బ్యాలెట్ బోర్డు అచ్చు వేయించింది. దాదాపు 54 శాతం మంది వద్దని ఓటు వేశారు. ఆ వర్ణన చదివి, ఆపుతున్నాననుకుని వద్దని వేసినవారు ఎందరో ఉంటారన్నది నా అభిప్రాయం. అందువల్ల ప్రచారం మొదటి రోజునుంచే, అవును అని వేస్తే ఏమవుతుంది, కాదు అని వేస్తే ఏమవుతుంది అన్న రెండు ముక్కలు, ఇంట్లో పెద్దవాళ్లకు అర్థమయ్యే తెలుగులో, అచ్చు వేసి పంచాలి.

కోర్టు చివరి మెట్టు. 2019లో రూచో కేసులో సుప్రీంకోర్టు, పార్టీ లాభం కోసం గీసిన హద్దులను ఫెడరల్ కోర్టులు విచారించజాలవని 5–4 తేడాతో తేల్చింది. మిగిలినవి రాష్ట్ర రాజ్యాంగాలు, రాష్ట్ర సుప్రీంకోర్టులు. 2018లో పెన్సిల్వేనియా కోర్టు తన రాజ్యాంగంలోని స్వేచ్ఛాయుత, సమాన ఎన్నికల నిబంధన ఆధారంగా కాంగ్రెస్ మ్యాపును కొట్టివేసింది. నార్త్ కరోలైనా కోర్టు 2022లో అటువంటి తీర్పే ఇచ్చి, ఎన్నికల్లో న్యాయమూర్తులు మారాక 2023లో తానే వెనక్కు తీసుకుంది. పైన చెప్పిన ఏడు–ఏడు, పది–నాలుగు అంకెల వెనక కథ ఇదే. మీ బ్యాలెట్ అడుగున, ఎవరో తెలియని పేర్లుగా కనిపించే న్యాయమూర్తుల వరుసను ఖాళీగా వదిలేసే అలవాటు ఉంటే మానుకోండి.

పౌరుల కమిషన్ వచ్చినంతమాత్రాన అంతా సవ్యమవుతుందని ఆశించడం కూడా పొరపాటే. మిషిగన్ కమిషన్ గీసిన డెట్రాయిట్ ప్రాంతపు శాసనసభా నియోజకవర్గాల్లో పదమూడింటిని, జాతి ప్రాతిపదికన గీశారన్న కారణంతో 2023 డిసెంబరులో ఫెడరల్ న్యాయమూర్తులు కొట్టివేశారు. అయినా ఆ గదిలో కూర్చున్న పదమూడుగురూ దరఖాస్తు పెట్టుకున్న సామాన్యులు. నలుగురు డెమొక్రాట్లు, నలుగురు రిపబ్లికన్లు, ఏ పార్టీకీ చెందని ఐదుగురు. 2020లో తొమ్మిది వేల మందికి పైగా దరఖాస్తు చేస్తే లాటరీలో వీరి పేర్లు వచ్చాయి. ఇటీవలి సంవత్సరాల్లో పార్టీ పదవో, ఎన్నికైన పదవో చేసినవారు, వారి తల్లిదండ్రులు, పిల్లలు, జీవిత భాగస్వాములు అనర్హులు. నమోదైన ఓటరై ఉండాలి. 2030 జనగణన కోసం మళ్లీ దరఖాస్తులు పిలుస్తారు. సాక్ష్యం చెప్పి వచ్చిన మీ ఇంట్లోని పౌరుడు ఎవరైనా ఆ ఫారం కూడా నింపవచ్చు.