స్కూలు జట్టు, ట్రావెల్ జట్టు: కాలేజీ బేస్‌బాల్ కోసం రెండింటినీ ఎలా నడిపించాలి?

అమెరికాలో హైస్కూలు బేస్‌బాల్ వసంతకాలంలో సాగుతుంది. కాలేజీ కోచ్‌లు అప్పుడు తమ సొంత మ్యాచ్‌లతో తలమునకలై ఉంటారు. అందుకే పిల్లల ఆటను వాళ్లు ఎక్కువగా చూసేది వేసవిలో, ట్రావెల్ టోర్నమెంట్లలోనే, అంటే స్కూలుతో సంబంధం లేకుండా డబ్బు కట్టి చేరే, ఊరూరా తిరిగి ఆడే జట్ల పోటీల్లోనే. క్రికెట్ చూస్తూ పెరిగి, అక్కడ స్థిరపడిన మన తల్లిదండ్రులకు ఈ పద్ధతి కొత్త. రెండు జట్లూ అవసరమే, కానీ అబ్బాయికి బంతి విసిరే చెయ్యి ఒక్కటే. ఏ నిర్ణయమైనా అది గుర్తుంచుకునే తీసుకోండి.

1. ట్రావెల్ జట్టుకు డబ్బు కట్టకముందే రాష్ట్ర హైస్కూలు క్రీడా సంఘం నిబంధనలు చదవండి. స్కూలు సీజన్ నడుస్తుండగా బయటి జట్టుకు ఆడితే కొన్ని రాష్ట్రాల్లో అర్హత పోతుంది. తర్వాత స్కూలు మ్యాచ్‌లు, టోర్నమెంట్లు, పరీక్షలు అన్నీ ఒకే క్యాలెండర్‌లో రాయండి.

2. మీ వాడు పిచర్ (బ్యాటర్‌కు బంతి విసిరేవాడు) అయితే అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే: విసిరిన బంతుల లెక్క మీరే రాసుకోండి. ఏ కోచ్‌కైనా తన జట్టు లెక్క మాత్రమే తెలుస్తుంది. మేజర్ లీగ్ బేస్‌బాల్, యూఎస్ఏ బేస్‌బాల్ కలిసి ఇచ్చిన ‘పిచ్ స్మార్ట్’ సూచనల ప్రకారం 15-16 ఏళ్లవాళ్లు రోజుకు 95 బంతులు దాటకూడదు. 76 లేదా అంతకు మించి వేస్తే నాలుగు రోజుల విశ్రాంతి తప్పనిసరి. ఉదాహరణకు, మంగళవారం స్కూలు మ్యాచ్‌లో 80 బంతులు వేశాడనుకుందాం. శనివారం కాలేజీ కోచ్‌లు వచ్చే ప్రదర్శన ఉన్నా వాడు బంతి వేయకూడదు. ఆదివారం దాకా ఆగాల్సిందే. ఆ అవకాశం పోతుందని మనసు పీకుతుంది. అయినా ఆపండి. మోచేతి లిగమెంటు తెగితే శస్త్రచికిత్స, ఆపైన ఏడాదికి పైగా ఆటకు దూరం. ఏటా నాలుగు నెలలు పోటీల్లో బంతి వేయకుండా ఉండాలని, అందులో కనీసం రెండు మూడు నెలలు వరుసగా అసలు విసరడమే మానాలని కూడా ఆ సూచనలు చెబుతున్నాయి. శరదృతువు టోర్నమెంట్లు ఒప్పుకునే ముందు ఈ విరామం ఎప్పుడో తేల్చుకోండి.

3. ఆ లెక్క ఇద్దరు కోచ్‌లకూ పంపించండి. మాట్లాడేది అబ్బాయే కావాలి. “సార్, మంగళవారం 80 వేశాను, శనివారం వేయలేను” అని వాడే చెప్పడం అలవాటు చేయండి. కాలేజీవాళ్లు కుర్రవాడి నడవడి గురించి స్కూలు కోచ్‌ను అడుగుతారు కాబట్టి ఆయనతో సంబంధం చెడకూడదు.

4. డివిజన్ 1 (కాలేజీ క్రీడల్లో అత్యున్నత స్థాయి) కోచ్‌లు పదకొండో తరగతికి ముందు వచ్చే ఆగస్టు 1 నుంచే నేరుగా సంప్రదించగలరు. ఆలోపు చిన్న వీడియో, మార్కుల వివరాలు, వేసవి మ్యాచ్‌ల తేదీలు సిద్ధం చేసుకోండి. ఈమెయిల్ వాడి పేరుతోనే వెళ్లాలి.

5. చదువును పక్కన పెట్టనివ్వకండి. డివిజన్ 1 అర్హతకు 16 కోర్ కోర్సులు (ఇంగ్లిష్, గణితం, సైన్స్ వంటి ముఖ్య సబ్జెక్టులు), వాటిలో 2.3 జీపీఏ (గ్రేడ్ల సగటు) కావాలి. పన్నెండో తరగతి మొదలయ్యేలోపు ఆ 16లో పది కోర్సులు పూర్తవ్వాలి. డివిజన్ 3 కాలేజీలు క్రీడా స్కాలర్‌షిప్పులు ఇవ్వవు, అక్కడ మంచి మార్కులే సాయం తెస్తాయి.

6. స్కూలు ప్లేఆఫ్‌లు, ట్రావెల్ టోర్నమెంటు ఒకే వారాంతంలో పడితే స్కూలుకే ఆడమనండి. ఆ సంగతి ట్రావెల్ కోచ్‌కు జట్టులో చేరే రోజే చెప్పి, ఆయన ఒప్పుకున్నాకే రుసుము కట్టండి.