కంచ తీసిన చల్క నేలలో మొక్క నిలవకపోతే: లక్షణం, కారణం, సవరణ

హైదరాబాదు శివార్లలోని ఇబ్రహీంపట్నం, యాచారం, ఘట్‌కేసర్, కీసర వైపు తోట కోసం కొన్న భూముల్లో చాలావరకు ఒకప్పుడు పశువులు మేసిన కంచలే. గడ్డి, తంగేడు, వెంపలి, అక్కడక్కడ ఒక మోదుగ లేదా సీతాఫలం చెట్టు తప్ప మరేమీ లేని ఆ నేలను చల్క అంటారు. ఇసుక పాలు మరీ ఎక్కువైతే దుబ్బ అంటారు. హైదరాబాదు చుట్టూ గుట్టలుగా నిలిచిన గ్రానైటే దాని అడుగునా ఉంది. సుమారు 250 కోట్ల ఏళ్ళ నాటి ఆ రాయి పైభాగం చివికి మొరంగా మారింది, ఆ మొరం మీద ఎర్రమట్టి పలచటి పొరగా ఏర్పడింది. రాతిలోని పలుగురాయి (క్వార్ట్జ్) కరగదు గనుక ఇసుకగా మిగిలింది. ఫెల్డ్‌స్పార్ అనే మరో ఖనిజం మాత్రం కయోలినైట్ అనే బంకమన్నుగా మారింది. ఈ బంకమన్ను రేగడిలా ఉబ్బదు, పోషకాలనూ అంతగా పట్టి ఉంచదు. నల్ల అభ్రకం వంటి ఖనిజాల్లోని ఇనుము తుప్పుపట్టి మట్టికి ఎరుపునిచ్చింది.

ఈ పుట్టుకను దృష్టిలో పెట్టుకుంటే, మొక్క వాడినప్పుడు ముందుగా కావలసింది ఎరువుల దుకాణం కాదు, గడ్డపార అని తెలుస్తుంది. భూమిలో ఎత్తున ఒకచోట, పల్లాన ఒకచోట, మధ్యన ఒకచోట మీటరు లోతు గుంత తీయించి, ఎర్రమట్టి ఎక్కడ ఆగిందో, మొరం ఎక్కడ మొదలైందో కొలిచి రాసుకోవాలి. కింద చెప్పే సవరణలన్నీ ఆ కొలత మీదే ఆధారపడతాయి.

లక్షణం: విత్తిన తరువాత గట్టి వాన పడింది, ఎండ కాసింది, మొలక మాత్రం పైకి రాలేదు.

పైన అరచేతితో తట్టి చూస్తే పెంకు మీద తట్టినట్టు ఉంటే కారణం దొరికినట్టే. సేంద్రియ పదార్థం తక్కువగా ఉన్న చల్కలో మట్టి రేణువులను కలిపి ఉంచేది ఏదీ లేదు గనుక, వాన చినుకు దెబ్బకు అవి విడిపోయి, సన్నటి మన్ను ఇసుక సందుల్లో కూరుకుపోయి, ఆరగానే పైన పెచ్చు కడుతుంది. కంది గింజ ఆ పెచ్చును పగలగొట్టుకుని రాగలదు. సజ్జ, నువ్వు వంటి చిన్న గింజలకు ఆ బలం చాలదు. నేల ఇంకా తడి పదునుగా ఉండగానే దంతెతోనో చేతి గుద్దలితోనో పైపైన కదిలించడం తక్షణ ఉపాయం. పూర్తిగా ఆరనిచ్చి కదిలిస్తే పెచ్చు పలకలుగా లేచి, దానితోపాటు మొలకలూ విరిగిపోతాయి. కూరగాయల మడుల్లో ఒక్కో గుంటలో నాలుగైదు గింజలు వేస్తే అవి కలిసి నెట్టుకుని పైకి వస్తాయి, తరువాత ఒకటి రెండు ఉంచి మిగతావి తీసేయవచ్చు. శాశ్వత సవరణ కోరేవారు ఏటా మాగిన పశువుల ఎరువు వేసి, విత్తిన వరుసల మీద ఎండుగడ్డి పలచగా పరచాలి. వేసవిలో ఎరువు కోసం పొలంలో గొర్రెల మంద పెట్టించే పాత పద్ధతి ఇప్పటికీ ఇక్కడ బాగా పనిచేస్తుంది. నా దృష్టిలో బస్తాల్లో అమ్మే నేల సంరక్షక పొడులకన్నా అదే నయం.

లక్షణం: వాన ఆగిన వారానికే ఆకులు వాలిపోతున్నాయి.

ఇక్కడ గుంతలోని కొలత అక్కరకు వస్తుంది. ఇసుకపాలు గల ఎర్రమట్టి మీటరు లోతున మొక్కకు అందే నీటిని సుమారు 100 మిల్లీమీటర్లు నిలుపుకుంటుందని అనుకుంటే, మీ గుంతలో మట్టి 40 సెంటీమీటర్లకే ఆగి, అందులోనూ రాళ్ళుంటే, మిగిలేది 40 మిల్లీమీటర్లకు లోపే. ఎండలు ముదిరినప్పుడు పైరు రోజుకు ఐదారు మిల్లీమీటర్లు తాగుతుంది గనుక వారం గడవడమే కష్టం. లోతైన నల్లరేగడి అదే మీటరులో దాదాపు రెండింతల నీరు దాచుకుంటుంది. పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఆవరణలో ఈ రెండు నేలలూ ఉండడం వల్ల ఒకే వానకు రెండూ ఎలా నడుచుకుంటాయో అక్కడ ఏళ్ళ తరబడి పరిశీలించగలిగారు.

వారానికొకసారి మడి నిండా నీరు పెట్టడం ఈ నేలకు సరిపడదు, ఎందుకంటే నిలుపుకునే శక్తికి మించిన నీరు మొరంలోకి దిగిపోతూ నత్రజనినీ వెంట తీసుకుపోతుంది. డ్రిప్‌తో తక్కువ నీరు తరచుగా ఇవ్వాలి, యూరియా కూడా ఒకేసారి కాక విడతలుగా వేయాలి. నీరు నిలిపే శక్తినే పెంచాలంటే చెరువు పూడికమట్టిని మించినది లేదు. అందులోని సన్నటి బంకమన్ను చల్కకు లోటైనదే. వేసవిలో తోలించి, ముందుగా చిన్న భాగంలో కలిపి చూడడం మేలు. ఊరి మురుగు, కర్మాగారాల నీరు చేరే నగరపు చెరువుల మట్టిని మాత్రం పరీక్ష చేయించకుండా తేకూడదు.

లక్షణం: నీరు ఇంకిపోయే నేలే అయినా వానాకాలంలో మామిడి మొక్క వేరు కుళ్ళి చచ్చిపోయింది.

వింతగా తోచినా ఇది ఇక్కడ మామూలే. చల్కలో పైమట్టి కన్నా అడుగుమట్టిలో బంకపాలు ఎక్కువ, దాని కింద గట్టి మొరం ఉంటుంది. ఆ మొరంలో యంత్రంతో గుండ్రంగా తీసిన గుంత చట్టిలా పనిచేస్తుంది, పైనుంచి చేరిన నీటికి బయటికి దారి ఉండదు. నాటే ముందు గుంతను నీటితో నింపి చూడండి. మర్నాటికీ నీరు నిలిచి ఉంటే గుంత అడుగునూ పక్కలనూ గడ్డపారతో పగలగొట్టించి, వాలు వైపు చిన్న కాలువ తీయించాలి, లేదా మొక్కను కట్ట మీద నాటాలి.

దీనికి జతగా మరో ఫిర్యాదు వినిపిస్తుంది: ఒకే వరుసలో ఒక చెట్టు ఏపుగా ఉంటే పక్కది గిడసబారిపోయింది అని. గ్రానైటు పగుళ్ళ వెంట చివుకుతుంది గనుక మెత్తటి మొరం మధ్య చివకని గుండ్లు మిగిలిపోతాయి. మౌలాలి వైపు గుట్టల మీద మనం చూసే గుండ్రటి బండలు అలా మిగిలి, చుట్టూ ఉన్న మట్టి కొట్టుకుపోగా బయటపడ్డవే. మీ చెట్టు కింద అలాంటి గుండు ఉంటే ఎరువు ఎంత వేసినా లాభం లేదు. రెండు మీటర్లు పక్కకు జరిపి నాటడమే సవరణ.

లక్షణం: ఆకులు పసుపుబారుతున్నాయి.

ముదురు ఆకులతో మొదలైతే చాలావరకు నత్రజని లోపం, లేత ఆకులంతా ఒకేలా పాలిపోతే గంధకం లోపమని అనుమానించాలి. ఎర్రనేలల్లో గంధకం, జింకు, బోరాన్ కొరతలు తరచుగా కనబడతాయి. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం తెల్లబడితే అది ఇనుము లోపం. సున్నం పాలు లేని చల్కలో అది అరుదు గనుక సున్నం చేర్చే బోరు నీటినో, పూడ్చిన సిమెంటు శిథిలాలనో తప్పుపట్టాలి. మట్టిలో దొరికిన తెల్లటి ముక్క మీద నిమ్మరసం పిండితే బుడగలు వస్తే అందులో సున్నం ఉన్నట్టే.

లక్షణం: భూమిలో ఒక మూల ఏదీ బతకదు.

చదును చేసినప్పుడు జేసీబీ ఎత్తు మీది పైమట్టిని పల్లంలోకి తోసి ఉంటుంది. గడ్డి వేళ్ళు ఎన్నో ఏళ్ళుగా పట్టి ఉంచి, కుళ్ళి, సారం చేర్చినది ఆ జానెడు మట్టే. అది పోయాక మిగిలినది ఇంటి పునాదికి పనికొచ్చే మొరం, మొక్కకు కాదు. పల్లంలో కుప్పపడ్డ మట్టిని తిరిగి ఎక్కించగలిగితే అదే ఉత్తమం. లేకపోతే వాలుకు అడ్డంగా రాళ్ళ కట్టలు వేసి, జనుము చల్లి పూతకు ముందే కలియదున్నుతూ రెండు మూడేళ్ళు ఓపిక పట్టాలి. ఇంకా చదును చేయనివారు పైమట్టిని ముందే గీకించి విడిగా కుప్ప వేయించి, పని అయ్యాక తిరిగి పరిపించాలి, వాలు ఎక్కువగా ఉన్న చోట గడ్డిని అసలు కదిలించకుండా వదిలేయాలి.