రాక్‌బాక్స్ మార్చే ముందు

రాక్‌బాక్స్ అంటే మ్యూజిక్ ప్లేయర్‌లో కంపెనీ సాఫ్ట్‌వేర్ బదులు వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్. దాన్ని అప్‌డేట్ చేసినా, తీసేసినా ముందు ఇవి చూసుకోండి. కోనసీమలో గాలివాన పట్టిందంటే కరెంటుకి గ్యారంటీ లేదు. ల్యాప్‌టాప్, ప్లేయర్ రెండూ ఫుల్ ఛార్జింగ్ ఎక్కాకే మొదలుపెట్టండి.

• పాటలకి, సెట్టింగులకి కాపీ తీసి పెట్టుకోండి.

• కేబుల్ పిన్ను చూడండి. సముద్రపు గాలికి చిలుము పడితే ఛార్జింగ్ ఎక్కుతుంది గానీ ఫోల్డర్లు తెరుచుకోవు.

• డౌన్‌లోడ్ దగ్గర ఎర్రర్ వస్తే ప్లేయర్‌ని తిట్టుకోకండి, అది నెట్ గొడవ. రాక్‌బాక్స్ యుటిలిటీలో (కంప్యూటర్ నుంచి దాన్ని ప్లేయర్‌కి ఎక్కించే ప్రోగ్రామ్) ప్రాక్సీ సెట్టింగు, అంటే నెట్‌కి మధ్యలో ఉండే సర్వర్ అడ్రసు, చూడండి. కాలేజీలో పెట్టింది ఇంటికొచ్చినా అలాగే ఉండిపోతుంది. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి చూడండి. అదీ కుదరకపోతే మీ మోడల్ జిప్ ఫైలు విడిగా దించుకుని, ప్లేయర్ డ్రైవ్‌లో ఏ ఫోల్డర్ లోపలా కాకుండా నేరుగా విప్పేయండి. నాకైతే ఇదే సుఖం.

• రాక్‌బాక్స్ తీసేయడానికి దాని ఫోల్డర్ ఒక్కటే చెరిపితే చాలదు, బూట్‌లోడర్ (ప్లేయర్ ఆన్ అవగానే రాక్‌బాక్స్‌ని లేపే చిన్న ప్రోగ్రామ్) మిగిలిపోతుంది. దాన్ని ఎలా తీయాలో మీ మోడల్ మాన్యువల్‌లో ముందే చదవండి.

• ఎజెక్ట్ కొట్టకుండా కేబుల్ లాగొద్దు.