కుక్క జాతులపై నిషేధం ప్రజలకు రక్షణ ఇస్తుందా: ప్రతిపాదనను పరిశీలించే విధానం

ఒక కుక్క పసిబిడ్డను తీవ్రంగా గాయపరిచిందనే వార్త రాగానే, అది ఏ జాతిదో ఆ జాతి మొత్తాన్ని నిషేధించాలనే డిమాండు మొదలవుతుంది. ఆ డిమాండు వెనుక ఉన్న భయమూ ఆవేదనా నిజమైనవి, వాటిని తేలికగా తీసిపారేయకూడదు. అయితే నిషేధం కోరే వినతిపత్రంపై సంతకం పెట్టే ముందు, లేదా స్థానిక సభలో దానికి ఓటు వేసే ముందు, ఈ నిబంధన అమలైతే రేపు జరగబోయే కాట్లలో ఏవి ఆగుతాయనే ప్రశ్నకు జవాబు రాబట్టాలి. సామాన్య పౌరుడైనా, ప్రజాప్రతినిధి అయినా ఆ జవాబును స్వయంగా ఎలా వెతకవచ్చో కింద వివరిస్తున్నాను.

ముందుగా మీ ప్రాంతంలో కుక్కల వల్ల జరుగుతున్న హాని ఏ రకమైనదో తేల్చుకోండి. ఆసుపత్రుల నుంచి, పశువైద్య శాఖ నుంచి, స్థానిక సంస్థ నుంచి కాట్ల వివరాలు అడిగి, కరిచినది ఇంట్లో పెంచే కుక్కా, పొరుగువారిదా, యజమాని లేకుండా తిరిగేదా అన్నది వేరు చేయండి. గాయపడినవారి వయసు, ఘటన జరిగిన చోటు, ఆ సమయంలో పెద్దవారు దగ్గర ఉన్నారా లేదా అన్నది కూడా చూడండి. పిల్లలను కరిచే కుక్క చాలాసార్లు వారికి బాగా పరిచయమున్నదే, తరచుగా సొంత ఇంటిదే. రేబిస్ ఉన్న ప్రాంతమైతే లెక్క పూర్తిగా మారుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఈ వ్యాధితో ఏటా సుమారు 59,000 మంది చనిపోతున్నారు, మనుషులకు అది సోకిన సందర్భాల్లో 99 శాతం వరకు కుక్కల ద్వారానే సోకుతోంది. దాన్ని అరికట్టడానికి ఆ సంస్థ చెప్పే మార్గం కనీసం 70 శాతం కుక్కలకు టీకాలు వేయడం. జాతుల పట్టిక ఎంత పొడవుగా ఉన్నా ఆ మరణాలను తగ్గించలేదు.

తర్వాత జాతి గురించిన వాదనను నిజాయితీగా పరిశీలించండి. అందులో కొంత నిజం ఉంది. బరువూ దవడ బలమూ ఎక్కువగా ఉన్న కుక్క కరిస్తే గాయం ప్రాణాంతకమయ్యే అవకాశం చిన్న కుక్క కాటు కంటే ఎక్కువ. అమెరికాలో 1979 నుంచి 1998 వరకు జరిగిన మరణాల్లో కుక్క జాతి నమోదైన 238 ఘటనలను పరిశీలించినప్పుడు, సగానికి పైగా వాటిలో పిట్‌బుల్ తరహా కుక్కలు, రాట్‌వైలర్లు కనిపించాయి. నిషేధవాదులు ఎక్కువగా చూపే లెక్క ఇదే. అదే పరిశీలనలో కనీసం 25 జాతుల పేర్లు బయటపడ్డాయని, ఒక్కొక్క జాతి కుక్కలు మొత్తం ఎన్ని ఉన్నాయో తెలియకుండా వాటి ప్రమాదాన్ని పోల్చలేమని పరిశోధకులు హెచ్చరించిన సంగతి మాత్రం సాధారణంగా చెప్పరు. కాబట్టి ఎవరైనా ఒక జాతి ఇన్ని కాట్లు వేసిందని చెబితే, ఆ జాతి కుక్కలు మొత్తం ఎన్ని ఉన్నాయని వెంటనే అడగండి. ఆ సంఖ్య లేని లెక్క అసంపూర్ణం. జాతిని చూసి ఒక్కొక్క కుక్క స్వభావాన్ని ఎంతవరకు ఊహించవచ్చన్న ప్రశ్నపై 2022లో పెద్ద జన్యు అధ్యయనం వెలువడింది. కుక్కల మధ్య ప్రవర్తనలో కనిపించే తేడాల్లో సుమారు 9 శాతాన్ని మాత్రమే జాతి వివరించగలదని అందులో తేలింది.

మూడో పరీక్ష గుర్తింపు. నిషేధం అమలు చేసే ఉద్యోగి రోడ్డు మీద ఎదురైన కుక్కను చూసి ఏమని నిర్ణయించాలో ప్రతిపాదనలో స్పష్టంగా రాశారా? సంకర జాతి కుక్కల్లో కంటితో చూసి చెప్పిన జాతికి, డీఎన్ఏ పరీక్షలో తేలిన జాతికి పొంతన లేకపోవడం పరిశోధనల్లో పదే పదే బయటపడింది. బ్రిటన్ 1991 నాటి ప్రమాదకర కుక్కల చట్టం ఈ చిక్కును దాటడానికి జాతి బదులు రూపాన్ని ఆధారంగా తీసుకుంది. తరువాత ఎక్స్ఎల్ బుల్లీ అనే భారీ శరీరమున్న కుక్క రకాన్ని నిషేధించినప్పుడు కూడా, మగ కుక్క భుజం ఎత్తు 51 సెంటీమీటర్లు, ఆడ కుక్కది 48 సెంటీమీటర్లు మొదలుకొని ఉండాలని, తల, ఛాతీ ఆకారాలు ఇలా ఉండాలని ప్రభుత్వం కొలతలు ప్రకటించింది. ఆ కొలతలకు సరిపోయే కుక్క ఎన్నడూ ఎవరినీ కరవకపోయినా చట్టం పరిధిలోకి వస్తుంది. సరిపోని కుక్క ఇద్దరిని కరిచినా ఈ పట్టికలోకి రాదు. నా దృష్టిలో జాతి నిషేధాల అసలు లోపం ఇదే.

ఇక అన్నిటికంటే ఎక్కువ సమయం వెచ్చించవలసినది ఇదివరకే నిషేధం పెట్టినచోట ఏం జరిగిందన్న దానిపై. డెన్మార్క్ 2010లో 13 జాతులను నిషేధించింది. ఆ తర్వాత ఒడెన్సే నగర ఆసుపత్రిలో చికిత్స పొందిన కుక్కకాట్లను పరిశీలించిన పరిశోధకులకు ఆ చట్టం ప్రభావం కనిపించలేదు. స్పెయిన్‌లోని అరగాన్ ప్రాంతంలోనూ, స్కాట్లాండ్‌లోని ఒక ఆసుపత్రిలోనూ చట్టానికి ముందూ తర్వాతా పోల్చినప్పుడు చెప్పుకోదగిన తగ్గుదల కనబడలేదు. నెదర్లాండ్స్ 1993లో తెచ్చిన పిట్‌బుల్ నిషేధాన్ని, అది కాట్లను తగ్గించలేదనే నిర్ధారణతో, సుమారు పదిహేనేళ్ల తర్వాత ఎత్తివేసింది. మరోవైపు, కెనడాలోని మానిటోబా రాష్ట్రంలో నిషేధం విధించిన పురపాలికలను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, కుక్కకాటుతో ఆసుపత్రిలో చేరేవారి రేటు లక్ష మందికి ఏడాదికి 3.47 నుంచి 2.84కు తగ్గినట్లు తేలింది. ఇరవై ఏళ్లలోపు వారిలో ఆ తగ్గుదల మరింత స్పష్టంగా కనిపించింది. నిషేధాలతో ఎక్కడా ఏ ఫలితమూ లేదని చెప్పేవారు ఈ ఆధారాన్ని దాచకూడదు. తగ్గుదల ఉన్నా అది చిన్నదన్న విషయాన్ని నిషేధవాదులు కూడా దాచకూడదు.

ఈ అంకెలను చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఇంగ్లండ్‌లో కుక్కకాటుతో ఆసుపత్రిలో చేరినవారి రేటు 1998లో లక్షకు 6.34 ఉండగా 2018 నాటికి 14.99కు పెరిగింది. 1991 చట్టం అమల్లో ఉన్న కాలంలోనే ఈ పెరుగుదల జరిగింది కాబట్టి చట్టం కాట్లను అదుపు చేయలేదని చెప్పవచ్చు. చట్టం లేకపోయినా కాట్లు ఇంతకంటే పెరిగేవి కావన్న నిరూపణ మాత్రం ఇందులో లేదు, ఎందుకంటే అదే కాలంలో కుక్కల సంఖ్య, వాటిని పెంచే పద్ధతులు, ఆసుపత్రిలో చేర్చుకునే అలవాట్లు కూడా మారి ఉండవచ్చు. ముందూ తర్వాతా అంకెలతో పాటు నిషేధం లేని పొరుగు ప్రాంతపు అంకెలను కూడా పక్కన పెట్టి చూపే అధ్యయనానికే ఎక్కువ విలువ ఇవ్వండి.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేయండి. ఊహకు ఒక నగరంలో నిషేధించదలచిన జాతి కుక్కలు 5,000 ఉన్నాయని, వాటి వల్ల ఏడాదికి ఐదుగురు ఆసుపత్రిలో చేరుతున్నారని అనుకుందాం. ఆ కుక్కలన్నిటినీ తొలగించి, వాటి స్థానంలో ఏ కుక్కా రాకపోతేనే ఐదు ఘటనలు ఆగుతాయి, అంటే ఒక్కొక్క ఘటనకు వెయ్యి కుక్కలు. నిజానికి ఆ యజమానుల్లో చాలామంది మరో పెద్ద కుక్కను తెచ్చుకుంటారు కనుక ఆగే ఘటనలు ఐదు కంటే తక్కువే. దీనికి సర్వేకు, పరీక్షలకు, కోర్టు వాదనలకు, స్వాధీనం చేసుకున్న కుక్కల నిర్వహణకు అయ్యే ఖర్చును జోడించి, అదే డబ్బును టీకాలకు, ఫిర్యాదులపై విచారణకు పెడితే ఎన్ని ఘటనలు ఆగుతాయో పోల్చండి. ఇప్పటికే ఇళ్లలో ఉన్న కుక్కలను ఏం చేస్తారో కూడా అడగండి. వాటికి మినహాయింపు ఇస్తే ఫలితం చాలా ఏళ్లకు గాని రాదు, ఇవ్వకపోతే ప్రజలు దాచిపెట్టి పెంచుతారు, దాచిన కుక్కకు టీకాగాని వైద్యంగాని సరిగా అందదు.

ప్రతిపాదనను తిరస్కరించడంతో మీ పని పూర్తికాదు, దాని స్థానంలో ఏం కావాలో రాసివ్వాలి. ఇందుకు అమెరికాలో 2000 నుంచి 2009 వరకు కుక్కల దాడుల్లో జరిగిన 256 మరణాలను విచారించిన అధ్యయనం చాలా ఉపయోగపడుతుంది. వాటిలో 87 శాతం ఘటనల్లో అడ్డుకోగల వ్యక్తి దగ్గర లేరు. 84 శాతంలో కుక్కకు సంతాన నిరోధక శస్త్రచికిత్స జరగలేదు. 76 శాతంలో కుక్క కుటుంబంతో కలిసిమెలిసి పెరగక కట్టేసో, ఆవరణలో వదిలేసో ఉంచబడింది. 37 శాతానికి పైగా ఘటనల్లో ఆ కుక్క విషయంలో యజమాని నిర్లక్ష్యం ముందే బయటపడి ఉంది. ఇవన్నీ మనుషులు మార్చగలిగిన పరిస్థితులు, చాలా ఘటనల్లో వీటిలో అనేకం ఒకేసారి కలిసి వచ్చాయి.

అందువల్ల మీ ప్రత్యామ్నాయ ముసాయిదాలో జాతి పేరు లేకుండా ప్రవర్తననే ప్రమాణంగా పెట్టండి. అకారణంగా మీదికి దూకిన, వెంటపడిన, కరిచిన ప్రతి కుక్కపై ఫిర్యాదు నమోదు కావాలి, తీవ్రతను బట్టి యజమానిపై షరతులు పెరుగుతూ పోవాలి. బయటికి తెచ్చినప్పుడు పట్టీ, మూతికి చిక్కం, గట్టి ఆవరణ, శస్త్రచికిత్స, శిక్షణ వీటిలో ఉండాలి. షరతులు ఉల్లంఘిస్తే కుక్కను స్వాధీనం చేసుకునే అధికారం, మళ్లీ కుక్కను పెంచకుండా యజమానిపై నిషేధం విధించే అధికారం కూడా ఉండాలి. అమెరికాలోని మల్ట్‌నోమా కౌంటీ 1986లోనే ఇలాంటి పద్ధతిని మొదలుపెట్టింది, ఒకసారి కరిచిన కుక్కలు మళ్లీ కరవడం అక్కడ గణనీయంగా తగ్గింది. లైసెన్సు, మైక్రోచిప్ (కుక్క చర్మం కింద అమర్చే చిన్న గుర్తింపు పరికరం) తప్పనిసరి చేస్తే కుక్క ఎవరిదో తేల్చడం సులభమవుతుంది. ఎంత నమ్మకమైన కుక్క అయినా చిన్నపిల్లలను దానితో ఒంటరిగా వదలరాదని, తింటున్న లేదా నిద్రపోతున్న కుక్కను కదిలించరాదని పాఠశాలల్లోనూ ప్రసూతి ఆసుపత్రుల్లోనూ చెప్పించండి.

చివరగా, మీరు కోరే నిబంధన నిషేధమైనా మరొకటైనా, అందులోనే సమీక్ష షరతు చేర్చమని పట్టుబట్టండి. ప్రతి కాటుకూ గాయం తీవ్రత, బాధితుడి వయసు, ఘటనా స్థలం, కుక్కకు యజమాని ఉన్నారా, ముందు ఫిర్యాదులు ఉన్నాయా, టీకా వేశారా అనే వివరాలు ఒకే నమూనాలో నమోదు కావాలి. ఆ నమోదు నిబంధన అమలుకు కనీసం ఏడాది ముందే మొదలవ్వాలి, మూడేళ్ల తర్వాత అంకెలను బహిరంగంగా సభ ముందు పెట్టాలి, తీవ్ర గాయాలు తగ్గకపోతే నిబంధన దానంతట అదే రద్దయ్యేలా గడువు రాసి ఉండాలి.