ఫాస్ఫేట్ రియాక్టర్ బిగించే ముందు

పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలో ఫాస్ఫేట్ తగ్గించడానికి, నీటిని పంపుతో మీడియా (ఫాస్ఫేట్‌ను పట్టుకునే గుళికలు) గుండా పంపే గొట్టమే ఈ రియాక్టర్. మొదటిసారే మీడియాను పూర్తి మోతాదులో వేయకండి. ఫాస్ఫేట్ ఒక్కసారిగా పడిపోతే ఆ దెబ్బకు పగడాలు తెల్లబడి చనిపోవచ్చు. డబ్బా మీద రాసిన దాంట్లో సగంతో మొదలుపెట్టి, రెండు మూడు రోజులకోసారి టెస్ట్ చేయండి. సున్నాకు తేవాలని టెన్షన్ వద్దు, లీటరుకు 0.03 నుంచి 0.1 మిల్లీగ్రాముల మధ్య ఉంటే చాలు.

పంపు మీద రాసిన ప్రవాహం సున్నా ఎత్తుకు లెక్క. నీళ్లు ఎంత పైకి ఎక్కాలో చూసి కొనండి. కాస్త పెద్దది తీసుకుని వాల్వుతో తగ్గించడమే నయం.

మీడియాగా వేసే ఐరన్ ఆక్సైడ్ గుళికలు పైపైన మెల్లగా కదలాలి. గిరగిరా తిరిగితే ఒరుసుకుని పొడైపోతాయి.

వాడే ముందు ఈ గుళికలను ఆర్వో నీటితో, నీళ్లు తేటపడేదాకా కడగండి. ఆ ఎర్రనీళ్లు బకెట్‌లోకే, ట్యాంకులోకి కాదు. (నాకు ఒకసారి అయింది.)

లెదర్ కోరల్స్ (తోలులా ఉండే మెత్తని పగడాలు) ఉంటే అల్యూమినియం ఆక్సైడ్ మీడియా వద్దు, అవి ముడుచుకుపోవచ్చు.