ట్రక్కులో సీబీ రేడియో ఆన్‌లో ఉంచాలా? ఎప్పుడు ఉంచాలి, ఎలా వాడాలి

సీబీ అంటే దగ్గర్లో ఉన్న డ్రైవర్లు ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకునే రేడియో. సూటిగా చెప్తా, ఆన్‌లోనే ఉంచండి. రోడ్డు మీద ఉన్నంతసేపు ట్రక్కర్లు వాడే ఛానెల్ 19లో, వాల్యూమ్ తగ్గించి, స్క్వెల్చ్ (ఎవరూ మాట్లాడనప్పుడు వచ్చే బుస్ శబ్దాన్ని ఆపే బటన్) సరిగ్గా పెట్టుకుని. మీరు మాట్లాడాల్సిన పనేం లేదు, వింటే చాలు. అమెరికాలో సీడీఎల్ (కమర్షియల్ డ్రైవింగ్ లైసెన్స్) తీసుకుని కొత్తగా ట్రక్ ఎక్కుతున్న మనవాళ్ళు చాలామంది ఫోన్ ఉంది, అందులో వేజ్, ట్రక్కర్ పాత్ లాంటి దారి చూపే యాప్‌లు ఉన్నాయి, ఇంక ఆ పాతకాలం డబ్బా ఎందుకన్నా అని అడుగుతున్నారు, అందుకే ఇది కాస్త వివరంగా రాస్తున్నా.

యాప్‌కి విషయం తెలియాలంటే ముందు ఎవరో ఒకరు రిపోర్ట్ కొట్టాలి, లేదంటే అక్కడ ఫోన్లన్నీ నెమ్మదించాయని సర్వర్ గమనించాలి, ఆ తర్వాత అది మీ ఫోన్‌కి రావడానికి సిగ్నల్ ఉండాలి. సీబీకి ఇవేం అక్కర్లేదు, ముందున్న డ్రైవర్ బ్రేక్ మీద కాలు వేస్తూనే మైక్ నొక్కి చెప్పేస్తాడు. మన హైవేల మీద ఎదురొచ్చే లారీ డ్రైవర్ లైట్లు కొట్టి ముందు ఆర్టీవో ఉన్నాడని చెప్తాడు చూడండి, అదే పని ఇక్కడ గొంతుతో జరుగుతుంది. 65 మైళ్ళ స్పీడ్‌లో మీరు సెకనుకి దాదాపు 95 అడుగులు వెళ్తుంటారు, 80,000 పౌండ్ల బండి పొడి రోడ్డు మీద ఆగడానికే 500 అడుగుల పైన కావాలి, ఐస్ ఉంటే ఇంక లెక్కే లేదు. సీబీ రేంజ్ మామూలుగా మూడు నుంచి ఐదు మైళ్ళు, అంటే మూడు మైళ్ళ ముందున్నవాడు చెప్పినా రెండున్నర నిమిషాల ముందే మీకు కబురు అందుతుంది. ఆ రెండున్నర నిమిషాల్లో స్పీడ్ తగ్గించొచ్చు, ఫ్లాషర్లు వేసి వెనకవాళ్ళని హెచ్చరించొచ్చు, ఎగ్జిట్ ఉంటే దిగిపోవచ్చు.

2021 ఫిబ్రవరి 11 పొద్దున ఫోర్ట్‌వర్త్‌లో ఐ-35డబ్ల్యూ హైవే మీద జరిగింది డాలస్ వైపు ఉన్న మనవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. రోడ్డు మీద కంటికి కనపడని ఐస్, ఒకదాని మీద ఒకటి 133 బండ్లు గుద్దుకున్నాయి, ఆరుగురు పోయారు. సీబీ ఉంటే అది ఆగేదని నేననట్లేదు. కానీ వెనక నుంచి వస్తున్నవాడికి ముందు ఏం జరుగుతోందో కనపడని చోట, చెవికి అందే ఒక్క మాట ఎంత విలువైందో ఆలోచించండి. వయోమింగ్‌లో లారమీకి రాలిన్స్‌కి మధ్య ఐ-80 మీద చలికాలం గాలికి మంచు నేల మీద నుంచే లేచి ముందున్న ట్రైలర్ కూడా కనపడదు. కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీలో పొగమంచు, అరిజోనా ఐ-10 మీద దుమ్ము తుఫాను, ఒరెగాన్‌లో క్యాబేజ్ హిల్ దిగుడు, టెనెసీలో మాంటీగిల్ దిగుడు, ఇలాంటి చోట్ల సీబీ ఆఫ్ చేసి వెళ్ళకండి, దయచేసి.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి, 19లో ఇప్పుడు మాటలు బాగా తగ్గాయి. కొన్ని చోట్ల గంటసేపు వెళ్ళినా ఏమీ వినపడదు, ఎక్కువమంది హెడ్‌సెట్ పెట్టుకుని ఇంటికి ఫోన్ మాట్లాడుకుంటున్నారు. అయినా ట్రాఫిక్ ఒక్కసారి ఆగిపోయిందంటే చూడండి, అప్పటిదాకా నిశ్శబ్దంగా ఉన్న రేడియోలో పది గొంతులు లేస్తాయి.

చట్టం సంగతి చాలామందికి భయం. 2012 జనవరి 3 నుంచి కమర్షియల్ డ్రైవర్ ఫోన్ చేత్తో పట్టుకుని మాట్లాడకూడదని ట్రక్కుల భద్రత చూసే ఫెడరల్ సంస్థ ఎఫ్ఎమ్‌సీఎస్ఏ రూల్ తెచ్చింది, డ్రైవర్‌కి 2,750 డాలర్ల దాకా ఫైన్ అని అప్పుడే చెప్పారు. ఆ ఫెడరల్ రూల్ మొబైల్ ఫోన్లకే, సీబీ దాని కిందకి రాదు. కొన్ని రాష్ట్రాలకి, కెనడా ప్రావిన్సులకి సొంత రూల్స్ ఉంటాయి కాబట్టి మీ రూట్‌లో ఉన్నవి ఒకసారి చూసుకోండి. పోలీసుల స్పీడ్ గన్‌ని పసిగట్టే రాడార్ డిటెక్టర్ మాత్రం కమర్షియల్ బండిలో పెట్టకూడదు, రెండూ ఒకటే అనుకోకండి. సీబీకి లైసెన్స్ అక్కర్లేదు, పవర్ 4 వాట్లు దాటకూడదు, పవర్ పెంచే లీనియర్ యాంప్లిఫయర్ తగిలిస్తే అది నేరం. సీబీ షాపులో ఎవరైనా పవర్ పెంచి ఇస్తామంటే వద్దనండి, 4 వాట్లతో మంచి యాంటెనా ఉంటే మీకు కావాల్సినంత దూరం వస్తుంది.

ఇప్పుడు బిగించడం. ఇక్కడే ఎక్కువమంది ఆగిపోతారు, రేడియో కొంటారు, సిగరెట్ లైటర్‌లో గుచ్చుతారు, గరగర తప్ప ఏం వినపడదు, తీసి పక్కన పడేస్తారు. క్యాస్కేడియా లాంటి ట్రక్కుల్లో తల పైన ఉన్న అరలో సీబీ కోసమే ఎరుపు, నలుపు పవర్ పోస్టులు, యాంటెనా కనెక్టర్ ఉంటాయి, ముందు అవి వెతకండి. అవి లేకపోతే ఫ్యూజ్ పెట్టి బ్యాటరీ నుంచి నేరుగా వైర్ లాగించండి, ఇంజిన్‌తో పాటు తిరిగే ఆల్టర్నేటర్ వల్ల రేడియోలో వచ్చే కూత చాలావరకు పోతుంది. రేడియో కోబ్రా 29 గానీ, యూనిడెన్ గానీ, ప్రెసిడెంట్ గానీ ఏదైనా పర్లేదు, 100 నుంచి 200 డాలర్లలో మంచిది వస్తుంది. కొనేటప్పుడు వెదర్ ఛానెళ్ళు ఉన్నది తీసుకోండి, ప్రభుత్వ వాతావరణ హెచ్చరికలు సెల్ సిగ్నల్ లేని చాలా చోట్ల కూడా దాంట్లో వస్తాయి.

అసలు ప్రాణం యాంటెనాలో ఉంది. బిగించాక ఎస్‌డబ్ల్యూఆర్ (రేడియో పంపే పవర్ యాంటెనా నుంచి ఎంత వెనక్కి వస్తోందో చెప్పే కొలత) చూడకుండా మాట్లాడొద్దు, యాంటెనా తగిలించకుండా అయితే మైక్ అస్సలు నొక్కొద్దు, రేడియో లోపల కాలిపోతుంది. ఖాళీ స్థలంలో బండి ఆపి, పక్కన వేరే ట్రక్కులు, బిల్డింగులు లేకుండా చూసుకుని, తలుపులు వేసి, ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్‌తో ఛానెల్ 1 లో ఒకసారి, 40 లో ఒకసారి చూడండి. 40లో ఎక్కువ చూపిస్తే యాంటెనా పొడుగైంది, తగ్గించాలి. 1లో ఎక్కువ చూపిస్తే పొట్టిది, పెంచాలి. కొంచెం కొంచెంగా మార్చి మళ్ళీ మళ్ళీ చూడండి, 1.5 లోపు వస్తే చాలా బాగున్నట్టు, 2 లోపు ఉన్నా పని జరుగుతుంది, 3 దాటితే ఆ రేడియోలో మాట్లాడొద్దు. అద్దాల దగ్గర రెండు యాంటెనాలు ఉంటే రెండూ ఒకే కొలత మార్చాలి. అన్ని ఛానెళ్ళలోనూ 3 పైన చూపిస్తుంటే తప్పు యాంటెనా పొడవులో కాదు, గ్రౌండ్‌లోనో కేబుల్‌లోనో ఉంది. ఇప్పటి ట్రక్కుల క్యాబ్ మీద ఫైబర్‌గ్లాస్ ఎక్కువ కదా, యాంటెనా బిగించే మౌంట్‌కి మెటల్ తగలకపోతే అలాగే చూపిస్తుంది.

సెట్టింగులకి వస్తే, స్క్వెల్చ్ బటన్ మెల్లగా తిప్పుతూ ఆ బుస్ మనే శబ్దం ఎక్కడ ఆగుతుందో అక్కడే వదిలేయండి, ఇంకా తిప్పితే దూరం నుంచి వచ్చే గొంతులు కూడా ఆగిపోతాయి. ఆర్ఎఫ్ గెయిన్ (ఎంత దూరం సిగ్నల్ అందుకోవాలో చెప్పే బటన్) ఊరి బయట ఫుల్లు, ఊళ్ళో కాస్త తక్కువ. గరగర తగ్గించే నాయిస్ బ్లాంకర్ ఆన్. స్విచ్ పీఏలో (బయట లౌడ్‌స్పీకర్‌లో మాట్లాడేందుకు) ఉందా సీబీలో ఉందా చూడండి, పీఏలో ఉంటే 19లో వచ్చేదేమీ మీకు వినపడదు, మీ మాటా ఎవరికీ వెళ్ళదు. పడమటి తీరంలో ఐ-5 మీద వెళ్ళేటప్పుడు 17 కూడా వినండి, ఉత్తరం దక్షిణం రోడ్ల మీద అక్కడ అది వాడే అలవాటు ఉంది. కొన్ని రోజులు వేల మైళ్ళ దూరం నుంచి గొంతులు వచ్చి ఛానెల్ అంతా కలగాపులగం అయిపోతుంది, సూర్యుడి మీద మచ్చలు ఎక్కువగా ఉన్న సంవత్సరాల్లో ఇది మరీ ఎక్కువ, మీ రేడియో పాడైందనుకోకండి.

మీరు చెప్పాల్సి వస్తే ఈ వరసలో చెప్పండి: ఏ రోడ్డు, ఏ దిక్కు, ఏ మైల్ మార్కర్ (రోడ్డు పక్కన మైలు నంబర్ బోర్డు), ఏ లేన్, ఏం ఉంది. "ఈస్ట్‌బౌండ్ 80, మార్కర్ 255, రైట్ లేన్‌లో బండి ఆగిపోయింది, లెఫ్ట్‌కి వచ్చేయండి" అని దాన్నే ఇంగ్లీషులో, తొందరపడకుండా, రెండుసార్లు. మన యాస గురించి సిగ్గు పడక్కర్లేదు, అంకెలు స్పష్టంగా పలికితే చాలు. వినేటప్పుడు కొన్ని మాటలు తెలిసుండాలి. బేర్ అంటే పోలీసు. చికెన్ కూప్ అంటే ట్రక్కుల బరువు తూచే వే స్టేషన్. అలిగేటర్ అంటే రోడ్డు మీద పడున్న టైరు ముక్క, దాన్ని తొక్కితే కింద ఎయిర్ లైన్లు తెగిపోతాయి కాబట్టి ఈ మాట వినపడగానే రోడ్డు చూడండి. ఫోర్ వీలర్ అంటే కారు, హ్యామర్ లేన్ అంటే ఎడమ లేన్, బ్రేక్ చెక్ అంటే ముందు ట్రాఫిక్ ఆగిపోయిందని. పోలీసులు కూడా వింటుంటారు, అది గుర్తుంచుకోండి.

ఇక బూతులు, జాతి పేరు పెట్టి తిట్టడం. ఇది నిజం, దాచి లాభం లేదు. మన యాస వినగానే కొందరు నోరు పారేసుకుంటారు, దీనివల్లే మన డ్రైవర్లు, పంజాబీ డ్రైవర్లు చాలామంది రేడియో కట్టేశారు, వాళ్ళ బాధ నాకు పూర్తిగా అర్థమవుతుంది. నా సలహా ఒక్కటే, ఎప్పుడూ జవాబు ఇవ్వొద్దు. మైక్ నొక్కారంటే మీరు దగ్గర్లోనే ఉన్నారని వాడికి తెలిసిపోతుంది, ఏ ట్రక్కో కూడా కనిపెట్టేస్తాడు. వాల్యూమ్ తగ్గించి రెండు మూడు మైళ్ళు పోనివ్వండి, రేంజ్ తక్కువ కాబట్టి వాడు వెనకో ముందో ఉండిపోతాడు. ఎవడో నోరు పారేసుకున్నాడని మీ ప్రాణానికి పనికొచ్చే వార్త వదులుకోకండి. ఇంగ్లీషు విషయంలో ఇంకో ఉపయోగం ఉంది, 2025 జూన్ 25 నుంచి ఇన్‌స్పెక్షన్‌లో ఇంగ్లీషు సరిగ్గా రాకపోతే డ్రైవర్‌ని అక్కడే ఔట్ ఆఫ్ సర్వీస్ పెడుతున్నారు, అంటే బండి నడపనివ్వరు. రోజూ 19 వింటే టెక్సస్ యాస, టెనెసీ యాస చెవికి అలవాటవుతాయి, ఆఫీసర్ ఏం అడిగాడో వెంటనే అర్థమవుతుంది.

మీ లోడ్ ఏంటో, ఎక్కడికి వెళ్తుందో, రాత్రి ఎక్కడ ఆపుతారో సీబీలో ఎవరికీ చెప్పొద్దు, ఎంత మంచిగా అడిగినా సరే. లోడ్లు కొట్టేసేవాళ్ళు కూడా వింటారు. అలాగే తెలియని గొంతు "ఈ రోడ్డులో వెళ్ళు, దగ్గర" అంటే మీ ట్రక్ అట్లాస్‌లో చూడకుండా తిప్పొద్దు, ఆ దారిలో తక్కువ ఎత్తు బ్రిడ్జి ఉందో లేదో చెప్పినవాడికి తెలియకపోవచ్చు.

కచ్చితంగా ఆఫ్ చేయాల్సిన చోటు ఒకటుంది. కొండల్లో రోడ్డు పని జరిగేచోట బ్లాస్టింగ్ జోన్ అని, టూ వే రేడియోలు, ఫోన్లు ఆపేయమని బోర్డు ఉంటుంది. ఎలక్ట్రిక్ డిటోనేటర్లకి రేడియో తరంగాలు తగిలితే పేలే ప్రమాదం ఉంది, అందుకని ఆ బోర్డు చూడగానే ఆపేసి, జోన్ అయిపోయిందని బోర్డు వచ్చాకే ఆన్ చేయండి. ట్రక్ స్టాప్‌లో పార్క్ చేశాక కూడా ఆపేసి పడుకోండి, అక్కడ వచ్చేదంతా గోలే. కానీ స్టీల్ మిల్లులు, క్వారీలు లాంటి కొన్ని షిప్పర్ల దగ్గర ఏ ఛానెల్‌లో ఉండాలో గేటు దగ్గరే రాసి ఉంటుంది, పిలిచినప్పుడు వినకపోతే మీ వంతు పోతుంది, అక్కడ ఆన్. ఓవర్‌సైజ్ లోడ్ అయితే దానికి తోడుగా వచ్చే పైలట్ కారుతో మాట్లాడటానికి తప్పనిసరిగా ఆన్.

యాక్సిడెంట్ కళ్ళ ముందు జరిగితే ముందు 911. ఛానెల్ 9 ఎమర్జెన్సీ కోసమే పెట్టారు గానీ ఇప్పుడు దాన్ని వినేవాళ్ళు తక్కువ. 911 తర్వాత వెంటనే 19లో మార్కర్ నంబర్‌తో చెప్పండి, వెనక వచ్చేవాళ్ళు అప్పుడే స్పీడ్ తగ్గిస్తారు. చలికాలం అయ్యాక యాంటెనా కనెక్టర్ విప్పి చూడండి, రోడ్డు మీద చల్లిన ఉప్పుకి తుప్పు పట్టి ఉంటుంది, శుభ్రం చేసి ఎస్‌డబ్ల్యూఆర్ మళ్ళీ ఒకసారి కొలవండి.